జాయినింగ్ మెయిల్ రాలేదు, యాప్‌లు చేయడం మొదలుపెట్టాను: నా అనుభవం

నేను 2023లో గుంటూరులో బీటెక్ పూర్తి చేశాను, సీఎస్‌ఈ. 2022 నవంబరులోనే క్యాంపస్‌లో ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, ఏడాదికి 3.6 లక్షలు. అమ్మ ఆ లెటర్ ప్రింటు తీయించి దేవుడి గూట్లో పెట్టింది. మే నెలలో పరీక్షలు అయిపోయాయి. జూన్‌లో చేరాలన్నారు, తర్వాత సెప్టెంబరు అన్నారు. ఆ తర్వాత ఎన్ని మెయిళ్లు పెట్టినా 'త్వరలో తెలియజేస్తాం' అని ఒకటే జవాబు. తెనాలిలో మా చెంచుపేట నుంచి బయటికి ఎటు వెళ్లినా "ఎప్పుడమ్మా జాయినింగ్?" అని అడిగేవాళ్లే. డిసెంబరు వచ్చేసరికి పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను.

2024 సంక్రాంతి అయ్యాక నాన్నతో చెప్పాను, కంపెనీ పిలిచేదాకా సొంతంగా యాప్‌లు చేస్తానని. నాన్నకు టూవీలర్ మెకానిక్ షెడ్డు ఉంది. "నీ పనిముట్లేంటి?" అని అడిగాడు. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ సరిపోవడం లేదన్నాను. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటర్ రెండూ తెరిస్తే మౌస్ కూడా కదిలేది కాదు. మర్నాడు 2,200 ఇచ్చాడు, ఇంకో 8 జీబీ వేయించాను. ఎమ్యులేటర్ జోలికి పోకుండా నాన్న పాత ఫోన్‌ను కేబుల్‌తో కలిపి అందులోనే టెస్ట్ చేసేదాన్ని. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఫ్లట్టర్‌లో (యాప్‌లు చేయడానికి గూగుల్ ఇచ్చే టూల్) చేశాను కాబట్టి అందులోనే కొనసాగాను.

జనవరి 22న ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో ప్రొఫైల్ పెట్టాను. అక్కడ పనికి అప్లై చేయాలంటే కనెక్ట్స్ అని టోకెన్లు ఉంటాయి, ఒక్కోటి 15 సెంట్లు. ఒక్క ప్రపోజల్‌కే 8 నుంచి 16 పోతాయి. నెలకు ఉచితంగా వచ్చేవి ఒక పనికే అయిపోయేవి. ఆగస్టు వరకు 61 ప్రపోజల్స్ పంపాను, జవాబు వచ్చినవి 4. కనెక్ట్స్‌కే బాగా ఖర్చయింది. ఆ 4 జవాబుల్లో ఒకటి మోసం. టెలిగ్రామ్‌లోకి రమ్మన్నాడు, పెద్ద ప్రాజెక్టు అన్నాడు, సెక్యూరిటీ డిపాజిట్ 3,500 కడితే ఫైళ్లు పంపిస్తానన్నాడు. నేను యూపీఐ తెరిచి అంకె కూడా కొట్టాను. కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనపడేసరికి ఆగిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోబోయిన డబ్బు కంటే, నేను దాదాపు నమ్మేశానన్నదే ఎక్కువ బాధపెట్టింది. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగితే అది పని కాదు. ఇప్పుడు చదువుతున్నవాళ్లు ఈ ఒక్కటైనా గుర్తుపెట్టుకోండి.

మొదటి పని నెట్‌లో దొరకలేదు, నాన్న షెడ్డులో దొరికింది. మా వీధి చివర వాటర్ ప్లాంటు నడిపే బాబాయ్ గారు బండి రిపేరుకు వచ్చి, "మీ అమ్మాయి యాప్‌లు చేస్తుందటగా, నా క్యాన్ల లెక్క తేలట్లేదు" అన్నారట. 310 ఇళ్లకు 20 లీటర్ల క్యాన్లు వేస్తారు. ఏ ఇంట్లో ఎన్ని ఖాళీ క్యాన్లు ఉన్నాయి, ఎవరు ఎంత బాకీ అన్నది ముగ్గురు కుర్రాళ్ల జేబుల్లోని చిట్టీల మీదే ఉండేది. నెలకు పది, పదిహేను క్యాన్లు లెక్క లేకుండా పోయేవి.

ఫిబ్రవరి 12న మాట్లాడుకున్నాం. 25,000, అయిదు వారాలు. 8,000 అడ్వాన్స్ చేతిలో పెట్టారు. కాగితం ఏమీ రాసుకోలేదు. తెలిసినవాళ్ల దగ్గర కాగితమేంటి అనిపించింది. ఆ నోట్లు తెచ్చి అమ్మకిస్తే వాటిని కూడా దేవుడి గూట్లో, ఆఫర్ లెటర్ పక్కనే పెట్టింది.

మొదటి రెండు వారాలు ఇంట్లో కూర్చునే చేశాను. చూపిస్తే కుర్రాళ్లు ఒక్కరోజు వాడి పక్కన పడేశారు. ఎందుకో అర్థం కాక, ఒకరోజు తెల్లవారుజామున 5:30కి వాళ్ల ట్రాలీ ఆటో ఎక్కాను. అప్పుడు తెలిసింది. వాళ్ల చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి. తడి వేలితో నొక్కితే ఫోన్ ఒకదానికి బదులు ఇంకోటి తీసుకుంటుంది. నేను పెట్టిన బటన్లు చిన్నవి, పక్కపక్కనే ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు, ఎంట్రీ సేవ్ అవుతూ తిరుగుతూనే ఉంటుంది. ఒకబ్బాయికి చదవడం సరిగా రాదు, ఇళ్లను గేటు రంగుతో గుర్తుపెట్టుకుంటాడు.

తిరిగొచ్చి దాదాపు అంతా మార్చేశాను. ఒక స్క్రీన్‌కు రెండే బటన్లు, అరచేతిలో సగం అంత: నిండు క్యాన్ ఇచ్చాను, ఖాళీ క్యాన్ తీసుకున్నాను. ప్రతి ఇంటికీ గేటు ఫొటో. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లోనే దాచి, వచ్చాక పైకి పంపేలా ఫైర్‌స్టోర్ అనే గూగుల్ డేటాబేస్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం వాడాను. ఆ ఒక్క ఉదయం నేర్పినంత నాలుగేళ్ల చదువులో నేర్చుకోలేదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

తెలుగు అక్షరాల దగ్గర ఇంకో ఇబ్బంది వచ్చింది. బటన్ మీద 'క్యాన్' అని రాస్తే కింద య వత్తు సగం తెగిపోయేది. 'చెల్లింపు'లో ల వత్తు అసలు కనపడేది కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే ఎత్తు మన వత్తులకు సరిపోదు. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టి, లైన్ ఎత్తు 1.5 చేస్తే అప్పుడు కుదిరింది. దీనికి రెండు రోజులు పట్టింది. తెలుగులో యాప్ చేసేవాళ్లు డిజైన్ మొదలుపెట్టే రోజే ఒత్తులున్న మాటలతో చూసుకోండి.

బాకీ ఉన్నవాళ్లకు ఎస్‌ఎమ్‌ఎస్ వెళ్లాలని బాబాయ్ గారు అడిగారు. మన దేశంలో వ్యాపార ఎస్‌ఎమ్‌ఎస్ పంపాలంటే డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పంపేవారి పేరుకు, పంపే వాక్యానికి కూడా ముందే అనుమతి తీసుకోవాలి. అది చదివి నేను భయపడ్డాను, ఆయన విసుక్కున్నారు. చివరికి బటన్ నొక్కితే ఆ ఇంటి నంబరుతో వాట్సాప్ తెరుచుకుని, బాకీ మొత్తం రాసిన మెసేజ్ సిద్ధంగా ఉండేలా చేశాను. పంపడం మాత్రం ఆయన చేత్తోనే. దానికి ఖర్చు లేదు, ఆయనకూ నచ్చింది.

ఏప్రిల్ 14న డెమో ఇచ్చాను, 7,000 ఇచ్చారు. ఇక ప్లే స్టోర్‌లో పెట్టడమే కదా, వారం పని అనుకున్నాను. 45 రోజులు పట్టింది. రోజులతో సహా చెబుతాను, ఎందుకంటే ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 22న డెవలపర్ అకౌంట్ తెరిచాను. ఒక్కసారి కట్టే ఫీజు 25 డాలర్లు, అంటే అప్పట్లో రెండు వేల పైచిలుకు. నా డెబిట్ కార్డులో విదేశీ చెల్లింపులు ఆగి ఉన్నాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తెరవాల్సి వచ్చింది. గుర్తింపు కార్డు పరిశీలనకు నాలుగు రోజులు. ఆ తర్వాత అసలు నిబంధన కనపడింది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకు, యాప్‌ను కనీసం 20 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు ఉంచుకుంటేనే అందరికీ విడుదల చేయడానికి అప్లై చేసుకోనిచ్చేవారు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు, నాకు మాత్రం 20.

20 మందిని ఎక్కడ తెచ్చేది? స్నేహితులు తొమ్మిదిమంది. మిగతావాళ్ల కోసం వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది పిన్నులకు వాళ్ల ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఏదో తెలియదు. ఫోన్ కొన్నప్పుడు షాపతను పెట్టిచ్చిందే, పాస్‌వర్డ్ అతనికీ గుర్తుండదు. ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని మెయిల్ రాసుకుని, లింకు తెరిచి ఒప్పుకున్నానని నొక్కించాను. మే 2న సరిగ్గా 20 మందితో లెక్క మొదలైంది. తొమ్మిదో రోజున ఒక స్నేహితురాలు టెస్టింగ్ నుంచి బయటికి వచ్చేసింది, ఇంక అవసరం లేదనుకుని. సంఖ్య 19కి పడింది. మే 11న ఇంకో ఆరుగురిని చేర్చి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. తనను ఏమీ అనలేకపోయాను, నేనే విడమరచి చెప్పలేదు కదా. మీరు మాత్రం సరిగ్గా కావలసినంతమందితో మొదలుపెట్టకండి. అయిదారుగురు ఎక్కువ ఉండాలి.

మే 25న 14 రోజులు నిండాయి. అప్లై చేస్తే ప్రశ్నలు అడుగుతారు: టెస్టర్లు ఏం చెప్పారు, మీరు ఏం మార్చారు అని. నేను ట్రాలీ ఆటో కథంతా రాశాను. మే 30న అనుమతి వచ్చింది. యాప్ పంపితే జూన్ 2న తిరిగొచ్చింది, తప్పు నాదే. డేటా సేఫ్టీ ఫారంలో ఫోన్ నంబర్లు తీసుకుంటున్నట్టు రాయలేదు, అకౌంట్ తొలగించే దారి కూడా యాప్‌లో పెట్టలేదు. రెండూ సరిచేసి పంపాను. జూన్ 6 సాయంత్రం ప్లే స్టోర్‌లో కనపడింది. నాన్న షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ ఫోన్ తీసి చూపించాడు. నేను డాబా మీదకు వెళ్లి కాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను.

జూలై 9న పొద్దున 8 గంటలకు బాబాయ్ గారి ఫోన్. "అమ్మాయ్, ఏమీ తెరుచుకోవట్లేదు. బండ్లు రోడ్డు మీద ఉన్నాయి." ఒళ్లంతా చెమట పట్టేసింది. 11 వరకు ఏదేదో మార్చాను. మధ్యాహ్నం 12:30కి యాప్ దానంతటదే పనిచేసింది, నేను బాగుచేసేశాననుకున్నాను. మర్నాడు మళ్లీ అదే సమయానికి ఆగింది. అప్పుడు లెక్క వేశాను. ఫైర్‌స్టోర్‌లో ఉచితంగా రోజుకు 50,000 రీడ్స్, అంటే ఒక్కో ఎంట్రీ చదివితే ఒక రీడ్. నేను యాప్ తెరిచిన ప్రతిసారీ పాత ఎంట్రీలన్నీ చదివిస్తున్నాను. అప్పటికి 4,200 ఎంట్రీలు. మూడు ఫోన్లలో నాలుగేసి సార్లు తెరిస్తే 50,400. ఆ కోటా అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం అర్ధరాత్రి మళ్లీ మొదలవుతుంది, అక్కడి వేసవిలో అది మనకు మధ్యాహ్నం 12:30. అందుకే దానంతటదే వచ్చింది. ప్రతి ఇంటి బాకీని ఆ ఇంటి రికార్డులోనే విడిగా దాచి, పాత ఎంట్రీలు అడిగితేనే చూపించేలా మార్చాను. రీడ్స్ రోజుకు మూడు వేల లోపుకు దిగాయి. బాబాయ్ గారు ఒక్క మాట కూడా అనలేదు. ఆ రెండు రోజులు చిట్టీల మీద రాయించి, సాయంత్రం నా చేతికి ఇచ్చారు ఎక్కించమని.

డబ్బు సంగతి మాత్రం వేరు. మిగిలిన 10,000 అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. అడిగిన ప్రతిసారీ "ఇస్తానమ్మా, ఆ నెలవారీ రిపోర్టు కూడా పెట్టెయ్" అనేవారు. రిపోర్టు, డీజిల్ లెక్క, కుర్రాళ్ల హాజరు, అన్నీ చేశాను. జూలైలో 3,000, ఆగస్టులో 2,000, చివరి 5,000 దసరా ముందు రోజు. ఆయన చెడ్డ మనిషి కాదు. పని ఎక్కడితో అయిపోతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు, మేం రాసుకోలేదు. గంటలు క్యాలెండర్ మీద రాసుకునేదాన్ని, మొత్తం 240. అంటే గంటకు 104 రూపాయలు.

ఇంకో పొరపాటు తర్వాత బయటపడింది. యాప్ నా అకౌంట్‌లో పెట్టాను. ఆయనకు దాన్ని తన పేరు మీద ఉంచుకోవాలని ఉంది. బదిలీ చేయాలంటే ఆయన కూడా 25 డాలర్లు కట్టి అకౌంట్ తెరవాలి, ఇద్దరం అకౌంట్ ఫీజు కట్టినప్పటి ట్రాన్సాక్షన్ ఐడీలు ఇవ్వాలి. ఆ రసీదు మెయిల్ వెతకడానికి ఒక పూట పట్టింది. ఆ మెయిల్ తీసేయకండి.

ఆగస్టులో అప్‌వర్క్‌లో మొదటి పని వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక యోగా శిక్షకురాలి యాప్‌లో కీబోర్డు తెరుచుకుంటే రాసే పెట్టె కనపడడం లేదు. 60 డాలర్లు. రెండు గంటల్లో అయిపోయింది. ముందే డబ్బు ఎస్క్రోలో, అంటే అప్‌వర్క్ దగ్గర, ఉంటుంది కాబట్టి వస్తుందా రాదా అన్న టెన్షన్ లేదు. ఆవిడ ఓకే అన్నాక అయిదు రోజులు ఆగాలి. 10 శాతం ఫీజు, బ్యాంకుకు పంపినందుకు దాదాపు ఒక డాలరు, డాలరు మార్పిడిలో కొంత పోయి, చేతికి 4,380 వచ్చాయి. ఆవిడ రాసిన రెండు వాక్యాల రివ్యూ వల్ల తర్వాతి పనులు దొరకడం తేలికయింది.

సెప్టెంబరు 18న, ఆఫర్ ఇచ్చిన 22 నెలలకు, కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మళ్లీ ఒక పరీక్ష రాయాలట, పాసైతే చేరే తేదీ చెబుతారట. అమ్మ దీపం పెట్టింది. నాకు వెళ్లాలనే ఉంది, దాచుకోను. రాత్రిళ్లు చదివి అక్టోబరు మొదటివారంలో రాశాను. పది రోజులకు రెండు వరసల మెయిల్: అర్హత సాధించలేదు, ఆఫర్ రద్దయింది. నాన్న ఏమీ మాట్లాడకుండా షెడ్డుకు వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు "ఆ నీళ్ల యాప్ మెకానిక్ షెడ్డుకు కూడా పనికొస్తుందా?" అని అడిగాడు. అప్పటిదాకా ఆపుకున్నదాన్ని, అన్నం ముందు ఏడ్చేశాను. సాయంత్రం చూస్తే దేవుడి గూట్లో ఆ లెటర్ లేదు.

అదే నెల కాలేజీ సీనియర్ ద్వారా హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి రెండు నెలల పని దొరికింది, ఇంటి నుంచే, నెలకు 35,000. ఇన్వాయిస్ అన్నది అప్పుడే మొదటిసారి రాశాను: నంబరు, తేదీ, పాన్, బ్యాంకు వివరాలు. ఇన్వాయిస్ ఇచ్చాక 30 రోజులకు అన్నారు. మొదటి నెలది అలాగే వచ్చింది, 31,500. 3,500 తగ్గిందేంటని కంగారుపడి అడిగితే, అది 10 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కట్ చేసే పన్ను. రెండో నెలది 74 రోజులకు వచ్చింది. ఆ 74 రోజుల్లో నేను పెట్టిన మెయిళ్లు 11, ఫోన్లు లెక్కలేదు. పని చేసిన డబ్బు కోసం బతిమాలుకోవడం మనిషిని చాలా కుంగదీస్తుంది. ఆ నెలల్లో అమ్మ కుట్టుపని డబ్బులతో నా నెట్ బిల్లు కట్టింది.

2025 ఆగస్టులో పన్ను రిటర్న్ వేయించాను. 2024-25లో నాకు వచ్చింది మొత్తం 1,37,600. ఆడిటర్ గారు ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద వేశారు, అంటే వచ్చినదాంట్లో సగాన్ని ఆదాయంగా చూపిస్తారు. పన్నేమీ పడలేదు. కట్ చేసిన 7,000 టీడీఎస్, పన్ను శాఖ సైట్‌లో ఉండే 26ఏఎస్ అనే పట్టికలో కనపడింది, 19 రోజుల్లో ఖాతాలో పడింది. ఆయన ఫీజు 1,500. రిటర్న్ వేయకపోతే ఆ 7,000 వదులుకునేదాన్నే.

ఇప్పుడు పని ఒప్పుకునే ముందు ఒక కాగితం రాస్తాను, తెలుగులోనే, ఒకే పేజీ. యాప్‌లో ఏవి ఉంటాయి, ఏవి ఉండవు. రెండుసార్లు మార్పులు ఉచితం, ఆపైన గంటకు ఇంత. ప్లే స్టోర్ అకౌంట్ మొదటి రోజే వాళ్ల పేరు మీద, వాళ్ల ఫీజుతో. డబ్బు మూడు విడతలు: మొదట 40 శాతం, డెమోకు 30, స్టోర్‌లో పెట్టే ముందు 30. మొదటిసారి ఈ కాగితం ముందు పెట్టినప్పుడు చేతులు వణికాయి. ఎదుటివాళ్లు చదివి సంతకం పెట్టారు, అంతే. ఇద్దరు మాత్రం పెట్టలేదు, ఆ పనులు నేను తీసుకోలేదు.

ఇప్పుడు చేస్తున్నది గుంటూరులో ఒక లేడీస్ హాస్టల్‌కు: గదులు, ఫీజులు, ఊరెళ్లేటప్పుడు రాసే రిజిస్టరు. 45,000కు ఒప్పుకున్నాం. టెస్టర్లు 12 మంది చాలు, హాస్టల్ పిల్లలే 18 మంది చేరారు. 14 రోజులు పోయిన గురువారంతో నిండాయి, అనుమతి కూడా వచ్చింది. మూడో విడత 13,500 సోమవారం వేస్తానన్నారు హాస్టల్ మేడమ్. అంతా సిద్ధం చేసి పెట్టాను, విడుదల బటన్ ఇంకా నొక్కలేదు.